అట్ట, తోలు, గుడ్డ: చదునైన పదార్థంతో డిజైన్ బోధన – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు:

– డిజైన్ బోధనలో కాగితం, అట్ట వంటి చౌకైన చదును పదార్థాలకు చోటు ఎలా దక్కింది?
– దక్షిణ రాయలసీమ చేతిపనులలో ఈ ఆలోచనకు ఉన్న మూలాలు ఏవి?
– లేజర్ యంత్రం వచ్చాక విద్యార్థి నేర్చుకోవలసినదేమిటి, యంత్రానికి వదలవలసినదేమిటి?

1. పరిచయం

కంప్యూటర్‌లో గీసిన బొమ్మను యంత్రం నేరుగా వస్తువుగా మలచే పద్ధతిని డిజిటల్ ఫ్యాబ్రికేషన్ అంటారు. త్రీడీ ప్రింటరు, లేజర్ కోత యంత్రం, కంప్యూటర్ నడిపే రంపం ఈ కోవలోనివే. ఈ పేరు వినగానే ఇది ఖరీదైన చదువనీ, పెద్ద నగరాల సంస్థలకే సాధ్యమనీ మనకు అనిపిస్తుంది. చరిత్ర చూస్తే ఈ అభిప్రాయం పూర్తిగా నిలవదు. రూపకల్పన నేర్పే తరగతులు ఎన్నోసార్లు పాత కాగితంతో, అట్టతో మొదలయ్యాయి. డబ్బు లేకపోవడం అందుకు ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. చౌకైన పదార్థం పాడైతే బాధ ఉండదు కాబట్టి విద్యార్థి పది సార్లు కోసి చూస్తాడు. పదకొండోసారికి తనకు తెలియకుండానే పదార్థం స్వభావం తెలిసిపోతుంది. ఒక్క ముక్క మాత్రమే ఇచ్చిన ఖరీదైన తరగతిలో విద్యార్థి తప్పు చేయకుండా ఉండడం నేర్చుకుంటాడు. ఆలోచించడం నేర్చుకోడు.

ఈ వాదాన్ని మనం మూడు పదార్థాల ద్వారా పరిశీలిద్దాం: నేత మగ్గం మీది అట్ట, తోలుబొమ్మలోని తోలు, శ్రీకాళహస్తి కలంకారీలోని గుడ్డ. మూడూ రాయలసీమకు పరిచయమైనవే. మూడూ చదునైనవే. ఒక్కొక్కటి ఒక్కో పాఠం చెబుతుంది.

2. అట్టలో దాగిన నిర్ణయం

ధర్మవరంలోనో, మదనపల్లె పక్కనున్న నీరుగట్టువారిపల్లెలోనో పట్టుచీర నేసే మగ్గాన్ని మీరు చూసి ఉంటే, పైన వరుసగా కుట్టిన అట్టల దండ వేలాడుతుండడం గమనించే ఉంటారు. ఆ అట్టలకు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన సాధనం ఇది. అంతకు ముందు క్లిష్టమైన పూల నమూనా నేయాలంటే నేతకారుడి పక్కన మరొకరు నిలబడి, ఏ పడుగు దారాలు లేవాలో గుర్తుపెట్టుకొని తాళ్లు లాగవలసి వచ్చేది. జకార్డ్ ఆ జ్ఞాపకాన్ని అట్టలోకి మార్చాడు. రంధ్రం ఉన్నచోట కొక్కెం కదిలి దారం లేస్తుంది. రంధ్రం లేనిచోట లేవదు. ఒక్కో పేక పోటుకు ఒక్కో అట్ట.

ఉంది, లేదు అనే రెండే గుర్తులతో ఒక బొమ్మను మొత్తం చెప్పగలగడం డిజిటల్ అనే మాటకు ప్రాథమికమైన అర్థం. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830లలో తన గణన యంత్రానికి ఈ అట్టలనే వాడాలని తలపోశాడు. 1890 అమెరికా జనాభా లెక్కల్లో హెర్మన్ హోలరిత్ యంత్రాలు రంధ్రాల కార్డులను లెక్కించాయి. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అంటే ఎం.ఐ.టి., ప్రదర్శించిన లోహపు కోత యంత్రం రంధ్రాల టేపు ఇచ్చిన ఆదేశాలతో కదిలింది. నేటి లేజర్ యంత్రం ఆ వంశంలోనిదే. అంటే డిజిటల్ ఆలోచన మన ప్రాంతపు నేతవాడలకు కంప్యూటర్ కంటే ముందే, అట్ట రూపంలో చేరింది.

అయితే ఈ అట్టను చరిత్ర విద్యార్థిగా మీరు మరో కోణంలోనూ చూడాలి. నమూనా అట్టలోకి వెళ్లాక పనివారి మధ్య కొత్త విభజన వచ్చింది. గ్రాఫు కాగితం మీద నమూనా గీసేవారు ఒకరు. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేవారు మరొకరు. నేసేవారు ఇంకొకరు. ఏ దారం ఎప్పుడు లేవాలన్న నిర్ణయం మగ్గం గుంటలో కూర్చున్న మనిషి చేతిలోంచి జారి గీసేవారి బల్ల మీదికి చేరింది. పని వేగం పెరిగింది, సహాయకుడి అవసరం తగ్గింది. కానీ నేసే చేతికి నమూనాపై ఉన్న అధికారం కూడా తగ్గింది. యంత్రం మన చేతి పనిని తీసుకున్నప్పుడు దానితోపాటు నిర్ణయాన్ని కూడా తీసుకుపోతోందా? ఈ ప్రశ్న ఈ పాఠం చివరిదాకా మనతో ఉంటుంది.

3. పాత పత్రికలతో మొదలైన తరగతి

జకార్డ్ అట్ట ఉత్పత్తి కోసం పుట్టింది. చదును పదార్థాన్ని బోధన సాధనంగా వాడిన ప్రసిద్ధ ఉదాహరణ జర్మనీలో కనిపిస్తుంది. 1919లో వాల్టర్ గ్రోపియస్ వైమార్ నగరంలో బౌహౌస్ అనే కళాశాలను స్థాపించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీలో 1923 నాటికి డబ్బు విలువ పూర్తిగా పడిపోయింది. అదే సంవత్సరం జోసెఫ్ ఆల్బర్స్ అక్కడ ప్రారంభ తరగతికి బోధించడం మొదలుపెట్టాడు. కొత్తగా చేరిన విద్యార్థులకు ఆయన కర్ర, లోహం, గాజు వంటివి వెంటనే అప్పగించలేదు. కాగితంతోనే ఎక్కువ పని చేయించాడు. కోయడం, మడవడం తప్ప మరేమీ చేయకుండా, వ్యర్థం మిగలకుండా దానికి కొత్త గుణం తేవాలన్నది నియమం.

ఆ తరగతిలో చదివిన హానెస్ బెక్‌మన్ తరువాతి కాలంలో ఒక సంగతి గుర్తుచేసుకున్నాడు. ఆల్బర్స్ పాత వార్తాపత్రికలు తెచ్చి పంచి, వీటిని ఇప్పుడున్న దానికంటే మెరుగైనదిగా మార్చండి అని చెప్పి వెళ్లిపోయాడు. కొందరు పడవలు, కోటలు, జంతువులు చేశారు. తిరిగి వచ్చి చూసిన ఆల్బర్స్, వాటిని వేరే పదార్థంతో ఇంకా బాగా చేయవచ్చు కదా అన్నాడు. ఒక విద్యార్థి మాత్రం కాగితాన్ని నిలువునా మడిచి నిలబెట్టాడు, అంతే. ఆల్బర్స్ మెచ్చుకున్నది దాన్నే. పడుకొని ఉండే మెత్తని కాగితం ఒక్క మడతతో నిటారుగా నిలిచింది. మామూలుగా ఒకే వైపు కనిపించే కాగితం ఇప్పుడు రెండు వైపులా కనిపిస్తోంది. ఆ మడత కాగితానికే చెందినది. రాతితోనో మట్టితోనో అది సాధ్యం కాదు.

1933లో బౌహౌస్ మూతపడింది. ఆల్బర్స్ అమెరికా వెళ్లి తన పద్ధతిని అక్కడ కొనసాగించాడు. ఐరోపా, అమెరికాలలోని అనేక డిజైన్ సంస్థలు ఇటువంటి ప్రారంభ తరగతిని స్వీకరించాయి. మన దేశంలో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించారు. మన లోటాను ఉదాహరణగా తీసుకొని, తరతరాలు చేతులు మారుతూ మెరుగైన వస్తువు డిజైన్‌కు ఎంత గొప్ప పాఠమో ఆ నివేదిక చెప్పింది. 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ పేరుతో ఒక సంస్థ 2015లో ప్రారంభమైంది.

4. తోలుబొమ్మ: విడి భాగాల విద్య

ఆల్బర్స్ తరగతి గది నుంచి ఇప్పుడు ధర్మవరం వైపు రండి. దానికి సమీపంలోని నిమ్మలకుంట గ్రామం తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఇక్కడి పనిని ఒక డిజైన్ పాఠంగా చూడండి.

మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, సాగదీసి ఆరబెడితే అది కాంతిని పోనిచ్చే పలుచని షీటు అవుతుంది. దానిమీద బొమ్మ గీస్తారు. తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా కోస్తారు. రకరకాల మొనలున్న ఉలులతో కొట్టి రంధ్రాలు చేస్తారు. తెర వెనుక దీపం వెలిగినప్పుడు ఆ రంధ్రాలే కిరీటంలో రవ్వలు, మెడలో హారాలు అవుతాయి. తరువాత రెండు వైపులా రంగులు అద్ది, భాగాలను దారపు ముడులతో కలుపుతారు.

ఇందులో మూడు సాంకేతిక సూత్రాలు ఉన్నాయి. మొదటిది, కోసేది ఎంత ముఖ్యమో వదిలేది అంత ముఖ్యం. రంధ్రాలు మరీ దగ్గరగా పడితే మధ్యనున్న సన్నని తోలు తెగుతుంది, హారం ఊడిపోతుంది. రెండవది, కదలిక అతుకులో ఉంటుంది. మోచేయి వద్ద రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎంత ఎక్కాలి, ముడి ఎక్కడ పడాలి అన్నదాన్ని బట్టే హనుమంతుడి చేయి లేస్తుంది లేదా ఇరుక్కుంటుంది. మూడవది, చదునైన వస్తువు ఎలా కనిపిస్తుందన్నది వెలుతురును బట్టి ఉంటుంది. పగటి వెలుగులో గోడకు తగిలించిన బొమ్మ వేరు, తెర మీద కదిలే బొమ్మ వేరు.

నేడు లేజర్ యంత్రంతో అట్ట కోసే విద్యార్థి మొదట ఎదుర్కొనే సమస్యలు సరిగ్గా ఇవే. రంధ్రాల మధ్య చాలినంత పదార్థం వదలకపోవడం, అతుకు బిగుసుకుపోవడం లేదా వదులవడం. నిమ్మలకుంట ఇళ్లలో ఈ సమస్యలకు జవాబులు చేతివేళ్లలో ఉన్నాయి. అవి పాఠ్యపుస్తకంలోకి రాలేదు కాబట్టి మనం వాటిని విద్యగా లెక్కించడం అలవాటు చేసుకోలేదు.

5. శ్రీకాళహస్తి: ఇంటి నుంచి తరగతికి

చేతివేళ్లలోని విద్యను తరగతిలోకి తేవడం సాధ్యమేనా? దీనికి జవాబు స్వర్ణముఖి ఒడ్డున, శ్రీకాళహస్తిలో దొరుకుతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య నాటికి ఇక్కడి కలంకారీ బాగా క్షీణించింది. పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివరలో అఖిల భారత హస్తకళల బోర్డు అండన ఇక్కడ ఒక శిక్షణ కేంద్రం ఏర్పడింది. అంతవరకు తండ్రి పక్కన కూర్చొని నేర్చుకున్న పనిని బయటి యువకులు కూడా నేర్చుకునే వీలు కలిగింది. తండ్రి లక్ష్మయ్య వద్ద పని నేర్చిన జొన్నలగడ్డ గురప్ప శెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో కలంకారీ కూడా ఒక పాఠ్యాంశం.

ఈ పనిలో కోత లేదు, అతుకు లేదు. ఉన్నది క్రమం. నూలు గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. చింత పుల్లను కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. వెదురు కలంతో నల్ల గీత వేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ఆ ద్రవం కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. గుడ్డకు పట్టిన పాలు గీత చెదరకుండా చూస్తాయి. ఎరుపు రావలసినచోట పటిక నీరు పూస్తారు. పటిక పూసిన వెంటనే ఎరుపు కనిపించదు. రంగునీటిలో ఉడికించాకే తేలుతుంది. అంటే చివరి బొమ్మ చిత్రకారుడి మనసులో ముందే సిద్ధంగా ఉండాలి. ఒక మెట్టు తప్పితే వెనక్కి వెళ్లే దారి లేదు.

శిక్షణ కేంద్రం అనుభవం నుంచి మనం గ్రహించవలసినది ఇది: ఒక విద్య వంశంతో పాటు అంతరించకుండా ఉండాలంటే దాన్ని మెట్లుగా విడదీసి, బయటివారికి చెప్పగలిగే మాటల్లో పెట్టాలి. అప్పుడే అది తరగతిలో బతుకుతుంది. అదే సమయంలో మెట్లన్నీ కాగితం మీద రాసినంత మాత్రాన పని రాదు. గీత ఒరవడి కోసం మామూలు గుడ్డ మీద ఎన్నోసార్లు గీసి చూడవలసిందే. ఇక్కడ కూడా నేర్పేది చౌకైన అభ్యాసమే.

6. లేజర్ కోత, ఫ్యాబ్ ల్యాబ్

ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం. చదును పదార్థాలు కోయడానికి ఎక్కువగా వాడే కార్బన్ డై ఆక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొన్నది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కిరణాన్ని కాగితం, కర్ర, తోలు, యాక్రిలిక్ బాగా పీల్చుకుంటాయి కాబట్టి శుభ్రంగా తెగుతాయి.

1998లో ఎం.ఐ.టి.లో నీల్ గెర్షెన్‌ఫెల్డ్, దాదాపు ఏ వస్తువునైనా చేయడం ఎలా అనే అర్థం వచ్చే పేరుతో ఒక తరగతి ప్రారంభించాడు. యంత్ర నిపుణుల కోసం ఉద్దేశించిన ఆ తరగతికి కళ, వాస్తు విద్యార్థులు కూడా తరలివచ్చారు. ఆ అనుభవం నుంచి ఫ్యాబ్ ల్యాబ్ అనే సామాన్యుల కార్యశాల ఆలోచన పుట్టింది. అమెరికా బయట ఏర్పడిన తొలి ఫ్యాబ్ ల్యాబ్ మన దేశంలోనే, పుణె జిల్లా పాబళ్ గ్రామంలోని విజ్ఞాన ఆశ్రమంలో 2002లో మొదలైంది. ఈ కార్యశాలల శిక్షణలో మొదటి పనుల్లో ఒకటి, అట్ట ముక్కలకు గాడులు కోసి, జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి బిగించి నిలబెట్టడం. ఆల్బర్స్ విద్యార్థి నిలబెట్టిన కాగితానికి ఇది దగ్గరి చుట్టమే.

ఒక హెచ్చరిక: చదునుగా ఉన్నదల్లా లేజర్‌కు పనికిరాదు. పి.వి.సి., దాని పూత ఉన్న రెక్సిన్ వంటివి కోస్తే వెలువడే వాయువు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, యంత్రాన్ని తుప్పు పట్టిస్తుంది. పదార్థం ఏమిటో తెలియకుండా యంత్రంలో పెట్టకూడదు.

7. చేసి చూడండి

దూరవిద్యలో చదివే మీలో చాలామందికి లేజర్ యంత్రం అందుబాటులో ఉండకపోవచ్చు. సరుకులు వచ్చిన అట్టపెట్టె, స్కేలు, పదునైన బ్లేడు చాలు.

మొదట అట్ట మందం కొలవండి. ఒక్క ముక్కను కొలిస్తే కచ్చితంగా రాదు. పది ముక్కలు నలగకుండా పేర్చి కొలిచి పదితో భాగించండి. పది కలిపి 31 మిల్లీమీటర్లు ఉంటే ఒక్కోటి 3.1 మిల్లీమీటర్లు. తరువాత 120 మిల్లీమీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వెడల్పు గల రెండు పట్టీలు తీసుకొని, ఒక్కోదాని మధ్యలో వెడల్పులో సగం దాకా, అంటే 20 మిల్లీమీటర్ల లోతున గాడి కోయండి. ఒకదాని గాడిని రెండవదాని గాడిలోకి దించండి. గాడి వెడల్పును 2.5, 3, 3.5 మిల్లీమీటర్లుగా మార్చి మూడు జతలు చేయండి. ఒకటి నలుగుతుంది, ఒకటి కదలకుండా నిలుస్తుంది, ఒకటి వదులై పడిపోతుంది. అట్ట లోపలి మడతల గీతలు నిలువుగా ఉన్నప్పుడు, అడ్డంగా ఉన్నప్పుడు బలంలో వచ్చే తేడాను కూడా రాసుకోండి.

ఇదే గాడిని లేజర్‌తో కోయాలనుకోండి. కిరణం తన దారిలోని పదార్థాన్ని కాల్చివేస్తుంది. ఆ కోత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, గీతకు ఇరువైపులా 0.1 చొప్పున పోతుంది. 3.1 అని గీసిన గాడి 3.3 అవుతుంది, అతుకు వదులవుతుంది. 3.1 కావాలంటే 2.9 అని గీయాలి. ఈ లెక్క యంత్రం తనంతట తాను చేయదు. కోసేది యంత్రం, ఎంత కోయాలో చెప్పవలసినది మీరు. బ్లేడుతో మూడు జతలు చేసి చూసినవారికి ఈ లెక్క ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

8. ఎవరి విద్య? ఎవరి లాభం?

జకార్డ్ అట్ట దగ్గర లేవనెత్తిన ప్రశ్నకు తిరిగి వద్దాం. యంత్రం నిర్ణయాన్ని కూడా తీసుకుపోతోందా? ఇంకొకరు గీసిన ఫైలును తెచ్చి మీట నొక్కే విద్యార్థి విషయంలో అవుననే చెప్పాలి. పదార్థాన్ని కొలిచి, కోసి, చెడగొట్టి, మళ్లీ గీసిన విద్యార్థి విషయంలో కాదు. అందుకే చౌకైన పదార్థం పేదవారి కోసం చేసుకున్న సర్దుబాటు కాదు. నిర్ణయాన్ని విద్యార్థి చేతిలో నిలిపి ఉంచే సాధనం.

ఈ ప్రశ్నకు మరో ముఖం ఉంది. తోలుబొమ్మ మీది నమూనాను ఫోటో తీసి, గీతలుగా మార్చి, లేజర్‌తో వందల సంఖ్యలో కోయడం నేడు కష్టం కాదు. కలంకారీ బొమ్మలను యంత్రంతో అచ్చువేసి అదే పేరుతో అమ్మడం బజారులో మీరు చూసే ఉంటారు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అది పేరును కాపాడుతుంది. కానీ ఒక కుటుంబం తరతరాలుగా మెరుగుపరచిన గీతను ఎవరో నకలు చేస్తే ఆ గుర్తింపు ఒక్కటే అడ్డుకోలేదు. మోచేతి వద్ద ముడి ఎలా పడుతుందో కళాకారుల దగ్గర నేర్చుకొని, ఆ సూత్రంతో కొత్త దీపపు తొడుగు రూపొందించడం విద్య. వారి రావణుడిని వారి పేరు చెప్పకుండా కోసి అమ్ముకోవడం విద్య కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో రేపు డిజైన్ తరగతులు నడిపేవారు ఈ కళాకారులను ప్రదర్శనకు కాకుండా పాఠం చెప్పడానికి పిలవాలి, బోధకులకు ఇచ్చే పారితోషికం ఇవ్వాలి. శ్రీకాళహస్తి శిక్షణ కేంద్రం ఆరు దశాబ్దాల క్రితమే చూపిన దారి అది.

9. సారాంశం

జకార్డ్ అట్ట నమూనాను రంధ్రాలుగా మార్చి డిజిటల్ ఆలోచనకు బాట వేసింది. అదే సమయంలో నిర్ణయాన్ని నేసే చేతికి దూరం చేసింది. బౌహౌస్‌లో ఆల్బర్స్ పాత కాగితంతో పదార్థ స్వభావాన్ని నేర్పాడు. తోలుబొమ్మ కోతనూ అతుకునూ, కలంకారీ క్రమాన్నీ నేర్పుతాయి. శ్రీకాళహస్తి అనుభవం వంశ విద్యను తరగతి విద్యగా మార్చవచ్చని నిరూపించింది. లేజర్ యంత్రం వీటన్నిటి తరువాత వచ్చిన సాధనం. దాన్ని చేరేలోపు అట్ట మీద చేసిన పొరపాట్లే విద్యార్థికి పెట్టుబడి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. జకార్డ్ అట్టల వల్ల నేతపనిలో నిర్ణయాధికారం ఎలా చేతులు మారింది?
2. ఆల్బర్స్ నిలువుగా మడిచిన కాగితాన్నే ఎందుకు మెచ్చుకున్నాడు? మీ మాటల్లో రాయండి.
3. అట్ట మందం 4 మిల్లీమీటర్లు, లేజర్ కోత వెడల్పు 0.3 మిల్లీమీటర్లు అయితే గాడిని ఎంత వెడల్పుతో గీయాలి? ఎందుకు?
4. మీ ఊరిలో చదునైన పదార్థంతో పనిచేసే ఒకరిని కలిసి (దర్జీ, రేకుల పనివారు, విస్తళ్లు కుట్టేవారు ఎవరైనా సరే), వ్యర్థం తగ్గించడానికి వారు పాటించే పద్ధతిని వారి పేరు, అనుమతితో ఒక పుటలో నమోదు చేయండి.